బ్రేకత్త కారూ, మా ఇంటి ఎర్రదీపం

ఈ కథలో తప్పెవరిదో తెలుసుకోవడానికి చివరిదాకా చదవక్కర్లేదు. రాస్తున్నవాడిదే. మంచికే చేశాడు గానీ, వాడు మంచికి చేసిన పనులే ఇంటికి ఎక్కువ చెడు చేస్తాయని వాడి తల్లి ఏనాడో తేల్చేసింది. ఇకనుంచి వాణ్ణి మేనల్లుడు అందాం. అసలు కథ వాడిది కాదు, వాడి మేనత్తది.

ఆవిడకి వాడు పెట్టిన పేరు బ్రేకత్త. ఊళ్ళో జనానికి కారు నడపడం నేర్పుతుంది. ఆవిడ కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళకింద ఓ బ్రేకు, ఆవిడ కాలికింద ఇంకో బ్రేకు. ఏళ్ళ తరబడి పక్కసీట్లో కూర్చుని ప్రాణాలు అరిచేతిలో పెట్టుకుని బతికిన మనిషి. అందుకే ఆ కాలు ఎక్కడున్నా ఊరుకోదు. సోఫాలో కూర్చున్నా, ఎదురుగా ఎవరైనా చిన్నపిల్లాడు పరిగెత్తితే చాలు, కుడికాలు టక్కుమని నేలని నొక్కుతుంది. ఎవరైనా కుర్చీలోంచి లేస్తే "వెనక చూసుకుని లే" అంటుంది. చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదిలినవాడికి పార్కింగ్ మీద పాఠం పడుతుంది.

మొదట్లో స్కూలు వ్యాను నడిపేది. పిల్లల అమ్మలు నలుగురైదుగురు "మాకూ నేర్పవా" అని అడిగితే, ఒక పాతకారు కొని మొదలుపెట్టింది. ఆ పాతది పొగతో ప్రాణం తీస్తుంటే ఈమధ్య దాన్ని వదిలించుకుని కరెంటు కారు కొంది. గేర్లు లేవు, చప్పుడు లేదు, నేర్చుకునేవాళ్ళు మధ్యరోడ్డులో ఆపేసి ఏడవడం లేదు. "ఇది అప్పుడే కొనుంటే సగం జుట్టయినా నల్లగా ఉండేది" అని ఆవిడే అంటుంది.

ఆ కారు వేసుకుని తమ్ముడింటికి వచ్చింది, తమ్ముడి మామగారిని పలకరించడానికి. ఆయన మేనల్లుడికి తాతయ్య. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. దారి పొడుగునా కారు కరెంటు తాగేసింది. గుమ్మం ముందుకి వచ్చేసరికి బ్యాటరీలో అడుగున కాస్త మిగిలింది.

"ఊరి మధ్యలో చార్జింగ్ పెట్టే చోటుందట కదరా, రేపు పొద్దున్నే వెళ్ళి పెట్టుకొస్తాను" అంది అత్త.

తమ్ముడికి పౌరుషం వచ్చింది. "ఇంట్లో కరెంటు పెట్టుకుని బయట పెట్టించుకోవడమేంటక్కా? నలుగురూ వింటే నవ్వుతారు. బట్టల మెషీను ప్లగ్గు ఉంది, కిటికీలోంచి తీగ లాగుదాం. పొద్దుటికి నిండుతుంది."

నిండలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో తాతయ్య ఉన్నాడు.

తాతయ్య ఉద్యోగమంతా ఒక పెద్ద ఆఫీసు భవనానికి కేర్‌టేకర్. అందరూ వెళ్ళాక అంతస్తు అంతస్తూ తిరిగి ప్రతి స్విచ్చూ ఆర్పి, తాళం వేసి రావడం ఆయన పని. రిటైరైనా చేతి అలవాటు పోలేదు. గదిలోంచి బయటికి వస్తూ వస్తూ ఏది వెలుగుతుంటే దాన్ని ఆర్పేస్తాడు, లోపల మనిషి అన్నం తింటున్నా సరే. ఇన్నాళ్ళూ చూపు మసకగా ఉండబట్టి చిన్నచిన్న దీపాలు బతికిపోయాయి. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో స్విచ్‌బోర్డుల మీద ఇన్ని ఎర్రదీపాలున్నాయా అని ఆయనే ఆశ్చర్యపోయాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ వేటాడటం మొదలెట్టాడు. ఆ రాత్రి వేటలో కారు ప్లగ్గు దీపం కూడా ఆరిపోయింది.

పొద్దున్నే సంగతి తెలిసి మరదలు, అంటే మేనల్లుడి తల్లి, సిగ్గుపడింది. "నాన్నకి అలవాటు వదినా. ఏమీ అనుకోకండి. నేనూ ఓ కన్నేసి ఉంచుతాను."

"అనుకోవడానికేముందే. పెద్దాయన. కాకపోతే ఈ సాయంత్రానికి నేను బయల్దేరాలి" అంది అత్త. ఎందుకో చెప్పింది.

ఆవిడ దగ్గర ఒక నర్సు నేర్చుకుంటోంది. ఎంతటి జబ్బుమనిషి దగ్గరైనా జంకదు గానీ, లైసెన్సు ఆఫీసరు పక్కన కూర్చుంటే మాత్రం చేతులు వణుకుతాయి. ఇప్పటికి మూడుసార్లు తప్పింది. ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసుకునే ఉద్యోగం ఒకటి సిద్ధంగా ఉంది, లైసెన్సు చూపిస్తేనే ఇస్తారు. మర్నాడు పొద్దున పరీక్ష. ఇది దాటితే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఈ కారులో తప్ప ఇంకే కారులోనూ ఆ నర్సుకి కాలూ చెయ్యీ ఆడవు.

ఇదంతా విని మేనల్లుడి గుండె కరిగింది. గుండె కరిగినప్పుడే వాడి బుర్ర పనిచేస్తుంది, అదే వచ్చిన చిక్కు. తాతయ్య ఆర్పేది కనబడే దీపాన్ని. దీపమే కనబడకపోతే? అత్త ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి అటు వెళ్ళగానే, ఎర్రదీపం మీద నల్లటి టేపుముక్క చక్కగా గోటితో ఒత్తి అంటించాడు. స్విచ్‌బోర్డు కూడా నల్లదే, కలిసిపోయింది. తాతయ్య చెవిన పడుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఇంట్లో స్విచ్ చూసి ఆన్‌లో ఉందో లేదో చెప్పలేం. సగం స్విచ్చులు పైకి నొక్కితే వెలుగుతాయి, మిగతా సగం కిందికి నొక్కితే. పెట్టినవాడు ఏ ధ్యాసలో పెట్టాడో. అందుకని అందరూ దీపాన్నే నమ్ముతారు.

కాసేపటికి అత్త మంచినీళ్ళకని వంటింట్లోకి వెళుతూ అటు చూసింది. దీపం లేదు. 'పెద్దాయన మళ్ళీ ఆర్పేశాడు' అనుకుని, ఎవరూ చూడకుండా టిక్ మనిపించి, మళ్ళీ దీపం కేసి చూడకుండానే గబగబా వచ్చేసింది. వేసి ఉన్నదాన్ని ఆర్పి వచ్చింది.

ఆ తర్వాత మరదలు బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళింది. దీపం లేదు. 'అయ్యో నాన్నా' అనుకుని టిక్. ఈసారి టేపు కింద నిజంగానే వెలిగింది. తర్వాత తమ్ముడు. టిక్. మళ్ళీ అత్త. టిక్. ఒక్కరూ పైకి ఒక్క మాట అనలేదు. పెద్దాయన్ని ఏమన్నా అంటే బాగుండదని ఎవరికి వాళ్ళు గుట్టుగా సాయం చేసుకుపోయారు. అత్తకి ఫోన్‌లో చూసుకునే వీలుంది గానీ, కారు సంగతి కారు దగ్గరే తెలుసుకోవాలని ఆవిడ పట్టుదల. కారు దగ్గరికి వెళదామంటే తాతయ్య పట్టుకుని కంటి ఆపరేషన్ కథ చెబుతున్నాడు. డాక్టరు చేతి గడియారం దగ్గర మొదలుపెట్టాడు, ఇంకా మత్తుసూది దాకా రాలేదు.

భోజనాలయ్యాక అత్త పెట్టె పట్టుకుని కారెక్కింది. దిగింది.

"పొద్దున ఎంతుందో దానికంటే ఓ పిసరు ఎక్కువుంది, అంతే" అంది.

అందరి చూపులూ తాతయ్య మీదికి మళ్ళాయి.

"నన్నెందుకు చూస్తారు? నిన్న ఆర్పింది నేనే, ఒప్పుకున్నాను. ఇవాళ అక్కడ దీపమే లేదుగా ఆర్పడానికి" అన్నాడాయన.

"దీపం లేకపోవడమేంటి నాన్నా, మేం వేస్తూనే ఉన్నాంగా" అంది మరదలు.

"మేం అంటే?" అంది అత్త.

పాఠం చెప్పే గొంతు అది. ఒక్కొక్కరూ చెయ్యెత్తి ఒప్పుకున్నారు. ఈలోగా తాతయ్య స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళి, నల్లకళ్ళద్దాలు తీసి, కొత్తచూపుతో తేరిపార చూసి, గోటితో టేపు ఊడదీశాడు.

"ఇదెవరి పనితనం?"

మేనల్లుడు తేలు కుట్టిన దొంగలా తలుపు వెనక్కి జరిగాడు. వాడి తల్లి అట్లకాడ ఎక్కడుందా అని చూసింది. సరిగ్గా అప్పుడే అత్త ఫోన్ మోగింది.

"వస్తున్నారు కదా మేడం?" నర్సు గొంతు అందరికీ వినబడింది.

అత్త ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "వస్తున్నాను సిస్టర్. మీరు కుర్చీలో కూర్చుని అద్దం సర్దుకోవడం, బెల్టు పెట్టుకోవడం చేస్తూ ఉండండి. ఆఫీసరు బదులు మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మొహం గంటు పెట్టుకుని ఉండమనండి."

ఫోన్ పెట్టేసింది. "ఊళ్ళో చార్జింగ్ దగ్గర ఎలా ఉంటుందిరా?"

"ఈ టైములో టాక్సీలు బారులు తీరి ఉంటాయక్కా" అన్నాడు తమ్ముడు. పౌరుషం దిగిపోయింది.

తాతయ్య కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "మా ఆఫీసు వెనక పెట్టారమ్మా ఒకటి. స్టాఫుకి మాత్రమే. నన్ను ఎక్కించుకో."

ఉన్న కాస్త కరెంటూ చాలాలని ఏసీ ఆపి, అద్దాలు దించి, నత్తలా నడిపింది అత్త. పక్కన తాతయ్య, వెనక మేనల్లుడు, వాడి మొహం మీద చెమట. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ తాతయ్యని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం సార్, లైట్లు ఆర్పడానికొచ్చారా? ఇంకా అందరూ పనిలోనే ఉన్నారు."

"ఇవాళ వెలిగించడానికొచ్చానయ్యా. ఈ అమ్మాయి కారుకి నీ స్టాఫు కార్డుతో చార్జింగ్ పెట్టించు. నేను జవాబుదారీ."

వాచ్‌మన్ తలగోక్కుని కార్డు తీశాడు. జవాబుదారీ అన్నాడు కాబట్టి ఆయన కదలకూడదని షరతు. కారు తాగుతున్నంతసేపూ తాతయ్య అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా మనిషంత ఎత్తు పెట్టె, దానిమీద దీపాలు కళకళలాడుతూ. ఆయన కుడిచెయ్యి రెండుమూడుసార్లు దానంతటదే లేచింది. చివరికి రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు.

"కష్టంగా ఉందా బాబాయిగారూ?" అంది అత్త.

"నువ్వు పక్కసీట్లో కూర్చుని బ్రేకు నొక్కకుండా ఒక్కరోజు ఉండి చూడమ్మా, తెలుస్తుంది."

అత్త పడీపడీ నవ్వింది. బ్యాటరీ నిండేసరికి వీధిదీపాలు వెలిగాయి. తాతయ్యనీ మేనల్లుణ్ణీ ఇంటి దగ్గర దింపి, గుమ్మం ఎక్కకుండానే బయల్దేరింది. చీకట్లో అంత దూరం నడపడం ఆవిడకి సుతరామూ ఇష్టముండదు. ఆ సంగతి వాడికి తెలుసు. ఆ రాత్రి ఆవిడ చేరానని ఫోన్ చేసేదాకా వాడు అన్నం ముట్టలేదు. వాడి తల్లి పెట్టనూలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగి, వాడే ఫోన్ చేశాడు.

"అత్తా, ఏమైంది?"

"పాసైంది. ఆఫీసరు దిగుతూ దిగుతూ తన మోకాలి నొప్పి గురించి సలహా కూడా అడిగాడు."

వాడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు నోరు కూడా. "చూశావా, నావల్ల ఏ నష్టమూ జరగలేదు."

"లేదురా నాయనా. ఆవిడ పరీక్ష తప్పి ఉంటే మాత్రం నేరుగా నీ దగ్గరికే పంపేదాన్ని. బండి సంగతేమో గానీ, సూది పొడవడంలో ఆవిడకి చెయ్యి వణకదు."