ములుఖియా మడిలో గోంగూర

మా ఆయన నాకంటే ఆరేళ్ళు ముందు కువైట్ వచ్చాడు. రాయచోటి దగ్గర మాకున్న మూడెకరాల్లో బోరు ఎండిపోతే, వ్యవసాయం చెయ్యడానికి ఎడారికి బయల్దేరాడు. ఆ మాట విని మావాళ్ళంతా నవ్వారు.

"నీళ్ళు లేవని, ఇంకా నీళ్ళు లేని చోటికి పోతాండావా బావా?" అని మా తమ్ముడు అడిగాడు.

"ఆడ నీళ్ళు లేవని వాళ్ళకు ముందే తెలుసురా. తెలిసినోళ్ళతో ఇబ్బంది ఉండదు," అన్నాడు ఈయన.

సులైబియాలో ఒక కువైటీ కుటుంబానికి మజ్రా ఉంది. మజ్రా అంటే తోట. అందులో పని. వల కప్పిన పందిళ్ళ కింద దోసకాయలు, టమోటాలు, కొత్తిమీర, అన్నిటికన్నా ఎక్కువగా ములుఖియా. ఇక్కడివాళ్ళకు ఆ ఆకుకూరంటే ప్రాణం. సన్నగా తరిగి కోడి పులుసులో వేస్తే జిగటగా సాగుతుంది, బచ్చలికూరా బెండకాయా కలిసి కాపురం పెట్టినట్టు.

తర్వాత అదే కుటుంబానికి ఇంట్లో వంటమనిషి అవసరమైంది. "నా భార్య వంట చాలా బాగా చేస్తుంది" అని మా ఆయన తన వీసా యజమాని, అంటే కఫీల్‌తో చెప్పాడట. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ ముక్క నాతో ఒక్కసారి కూడా అనలేదు. కువైట్ వచ్చాక కఫీల్ నోట విన్నాను.

అలా ఒకే కఫీల్ ఇచ్చిన ఇఖామా మీద, అంటే నివాస పర్మిట్ మీద, ఇద్దరం కువైట్‌లో పడ్డాం. నేను సిటీలో వాళ్ళ ఇంట్లో, ఆయన తోటలో. చలికాలం మొదలయ్యాక శుక్రవారాలు ఇంటిల్లిపాదీ తోటకు వెళ్ళేవాళ్ళు, వంటకు నన్నూ తీసుకుపోయేవాళ్ళు. పాతికమంది చూస్తుండగా మాంసం డేగిసాకు అటుపక్క ఆయన, ఇటుపక్క నేను. కూరగాయల బుట్ట అందిస్తూ "ఎట్లుండావు మే?" అనేవాడు. "ఉండాలే," అనేదాన్ని. అంతే. ఫోన్లో రోజూ గంటసేపు పోట్లాడుకునే మనుషులం, ఎదురుపడితే పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఉండేవాళ్ళం.

గోంగూర గొడవ ఫర్వానియాలో మొదలైంది. సెలవురోజు ఇద్దరం బజారుకు వెళ్తే, మనవాళ్ళ కొట్లో విమానంలో వచ్చిన గోంగూర కట్ట కనిపించింది. ఆకులు వాడి, నల్లబడి, ఆసుపత్రిలో రోగిలా పడుకుని ఉంది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇన్నేండ్లు వీళ్ళందరికీ ఆకు పండిస్తాండా. నా ఆకు నేను పండించుకోలేనా? ఈసారి ఊరికి పోతే ఇత్తనాలు తీసుకురా," అన్నాడు.

"ఆ మేస్త్రీ ఊరుకుంటాడా?"

"మేస్త్రీకి చెప్తే గదా, ఊరుకునేదీ ఊరుకోనిదీ!"

మేస్త్రీ ఈజిప్టు మనిషి. తోటంతా ఆయన చేతి కింద నడిచేది. పెద్ద మీసాలు. ఏ మడిలో ఏం వెయ్యాలో, దేనికెంత నీళ్ళు వదలాలో ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. అందులో పేరు లేని మొక్క కనపడితే "ఖలాస్!" అని పీకించేవాడు. ఒకసారి ఎవరో పాపం తులసి మొక్క పెట్టుకుంటే దానికీ అదే గతి పట్టింది.

ఆ వేసవిలో ఊరికెళ్ళి వస్తూ పాత చీర కొంగులో ముడివేసి ఎర్రగోంగూర విత్తనాలు తెచ్చాను. మా ఆయన వాటిని ములుఖియా మడి చివర, మేస్త్రీ బూట్లు పెద్దగా తిరగని మూలలో రెండు సాళ్ళు వేశాడు. గోంగూర మొక్క చిన్నప్పుడు చాలా బుద్ధిమంతురాలు. ఆకు వేళ్ళు విప్పదు, మామూలు ఆకులా గమ్మున ఉంటుంది. కొంచెం దూరం నుంచి చూస్తే ములుఖియాకు చెల్లెలు అనుకోవచ్చు. అయినా మేస్త్రీకి అనుమానం వచ్చింది.

"ఈ రెండు వరసల కాడలు ఎర్రగా ఉన్నాయేంటి?"

"ఎండకు," అన్నాడు మా ఆయన.

"మరి మిగతావాటికి ఎండ తగల్లేదా?"

"వాటికి అలవాటైపోయింది."

మేస్త్రీ మీసం దువ్వుకుని వెళ్ళిపోయాడట. ఈ సంభాషణ మా ఆయన నాకు ఫోన్లో మూడుసార్లు వినిపించాడు, మూడుసార్లూ తనే నవ్వాడు.

నెలరోజులైంది. ఒకరోజు వేలిముద్రలు వెయ్యాల్సిన పనేదో ఉండి మా ఆయన ఇఖామా ఆఫీసుకు వెళ్ళాడు. సరిగ్గా ఆరోజే ఇంటికి చుట్టాలొస్తున్నారని తోట నుంచి ములుఖియా పంపమన్నారు. మేస్త్రీ దగ్గరుండి మడి మొత్తం ఈ చివర నుంచి ఆ చివరదాకా కోయించి పంపాడు. వంటింట్లో నాతోపాటు పనిచేసే శ్రీలంక అమ్మాయి ఆకంతా దూసి, మిషన్లో వేసి తరిగేసింది. నేను బియ్యం సంగతి చూసుకుని వచ్చేసరికి ఆ తరుగు కోడి పులుసులో ఉడుకుతోంది. గరిటెతో తీసి నాలుక మీద వేసుకున్నాను.

నిజం చెప్తున్నాను, నాకు ముందు వచ్చింది భయం కాదు. "ఎండుమిరపకాయలు పడుంటే బాగుండేది" అనుకున్నాను. భయం ఆ తర్వాత వచ్చింది.

స్టోరు గదిలోకి వెళ్ళి ఆయనకు ఫోన్ చేశాను. "ఏమయ్యా, నీ గోంగూర యాడుంది?"

"మడిలో."

"మడిలో లేదు. కోడి పులుసులో ఉండాది."

ఆఫీసులో పక్కనున్న ఎవరినో జరగమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎట్లుంది?" అన్నాడు.

ఆ మనిషిని ఏం చెయ్యాలి? చుట్టాలు అప్పటికే బల్ల ముందు కూర్చున్నారు. ఇంకో కూర వండే టైము లేదు. ఎలాగూ తిట్లు తప్పవు కాబట్టి రుచిగానైనా తిట్లు తిందామని, వెల్లుల్లి దంచి, ఎండుమిరపకాయలు వేయించి పోపు పెట్టేశాను.

ఇంటావిడ, అంటే మేం మామా అని పిలిచే కఫీల్ భార్య, మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏమిటిది?"

"ములుఖియా, మామా."

"పుల్లగా ఉంది."

"నిమ్మకాయ ఒకటి ఎక్కువ పడింది, మామా."

ఆవిడ ఇంకేదో అనబోతుండగా బల్ల చివర నుంచి పళ్ళెం గీకిన చప్పుడు వచ్చింది. కఫీల్ తల్లిని మేం పెద్దమామా అనేవాళ్ళం. ఎనభై దాటిన మనిషి. ఏడాదిగా ఏం పెట్టినా "దూది తిన్నట్టుంది" అని పళ్ళెం పక్కకు నెట్టేసేది. ఆవిడ రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని తినేసి, మళ్ళీ వడ్డించమని పళ్ళెం చాపింది. మూడోసారి కూడా వడ్డించాక నన్ను చూపించి, "ఈ పిల్లకు ఇన్నాళ్ళకు వంట వచ్చింది," అంది.

ఇక అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం ఆవిడకు "పుల్ల ములుఖియా" కావాలి. ఒకసారి మామా స్వయంగా మామూలు ములుఖియాలో నిమ్మరసం పిండి పెట్టింది. పెద్దమామా వాసన చూసి గిన్నె వెనక్కి పంపేసింది. అప్పటికి మా ఆయన సాళ్ళు మళ్ళీ చిగురేశాయి. కొత్తిమీర కట్టల కింద గోంగూర దాచి నాకు పంపడం మొదలుపెట్టాడు. పెళ్ళయినప్పటినుంచి ఒక్కరోజు మూర పూలు తెచ్చివ్వని మనిషి, ఇప్పుడు వారం తప్పకుండా దొంగచాటుగా ఆకు పంపేవాడు.

మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి వ్యవసాయ డిప్లొమా చదివేది. వీడియో కాల్‌లో ఆ సాళ్ళు చూసి, "నాయనా, అన్నీ కోసేయొద్దు. కొన్ని పువ్వుకు వదిలితేనే వచ్చే ఏడాదికి ఇత్తనం," అంది. ఈయన ఒక పది మొక్కలు కొయ్యకుండా వదిలాడు. అక్కడే అసలు తంటా వచ్చింది. మొక్క పెరిగితే ఆకు బుద్ధిమంతురాలిలా ఉండదు కదా. వేళ్ళు విప్పింది. ఒక్కో ఆకుకు అయిదు వేళ్ళు, అంచుల్లో రంపపు పళ్ళు.

నవంబరులో ఒక శుక్రవారం అందరం తోటలో ఉన్నాం. విదేశంలో లా చదివి అప్పుడే తిరిగొచ్చిన కఫీల్ కొడుకు, పెద్దమామాకు పెద్ద మనవడు, ఫోన్ పట్టుకుని మడుల వెంట నడిచి వెళ్ళాడు. వెళ్ళినవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బాబా! మన తోటలో హషీష్ పెంచుతున్నారు!"

అందరూ లేచారు. ఆ అబ్బాయి ఫోన్లో గంజాయి ఆకు బొమ్మ తెరిచి, చేతిలో మా గోంగూర ఆకు పెట్టి చూపించాడు. నేనూ గరిటె పట్టుకుని వెనక నుంచి తొంగి చూశాను. అబద్ధమెందుకు, కవలల్లాగే ఉన్నాయి.

కఫీల్, కొడుక్కే కాదు మా పనివాళ్ళకూ బాబానే, మా ఆయన్ని పిలిచాడు. ఆ కంగారులో ఈయన నోటికొచ్చే అరబ్బీ అంతా నీళ్ళు, ఎరువు, కొయ్యి, మొయ్యి, పద అనే యల్లా. తనను తాను కాపాడుకోడానికి పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు.

"ఇది ఆకు," అన్నాడు.

"ఏం ఆకు?"

"తినే ఆకు, బాబా."

"తింటారా, పొగ తాగుతారా?" అని మనవడు లాయరులా అడిగాడు.

మా ఆయనకు రోషం వచ్చింది. గుప్పెడు ముదురాకు తెంపి నోట్లో కుక్కుకుని నమిలాడు. ఎండకు ముదిరిన ఎర్రగోంగూర పచ్చిగా తింటే ఎలా ఉంటుందో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. ఒక కన్ను మూసుకుపోయింది. దవడ పక్కకు పోయింది. రెండో కంటి నుంచి నీళ్ళు కారాయి. ఒళ్ళంతా ఒక్కసారి వణికింది.

"చూడండి, ఎక్కేసింది!" అని అరిచాడు మనవడు.

ఇక నేను ముందుకు రాక తప్పలేదు. "మామా, భయపడకండి. పెద్దమామా ప్రతి శుక్రవారం తినే పుల్ల ములుఖియా ఇదే," అన్నాను.

కాపాడాననుకున్నాను. చుట్టూ చూస్తే ముఖాలు ఇంకా పాలిపోయి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, రెండు నెలలుగా ఎనభై ఏళ్ళ ముసలావిడకు హషీష్ వండిపెట్టానని నా నోటితోనే ఒప్పుకున్నానని.

"అందుకేనా పోయిన వారం నానమ్మ పాటలు పాడింది!" అన్నాడు మనవడు.

మామా కుర్చీలో కూలబడింది.  ఇఖామా రద్దు, విమానం టికెట్టు, రాయచోటి బస్టాండు అన్నీ వరసగా నా కళ్ళముందు తిరిగాయి. మా ఆయన వైపు చూస్తే ఆయన దవడ ఇంకా సొంతచోటికి రాలేదు.

ఈ గోలకు మేస్త్రీ వచ్చాడు. తన పుస్తకంలో లేని రెండు సాళ్ళు ఇన్నాళ్ళూ తన కళ్ళముందే ఉన్నాయని తెలిసి కోపంతో ఊగిపోతూ, పీకేద్దామని మూలకు నడిచాడు. మేమంతా వెనకే వెళ్ళాం. విత్తనానికి వదిలిన మొక్కలకు అప్పటికే పూలు వాడి, ఎర్రటి కాయలు పట్టాయి. మేస్త్రీ మొదటి మొక్క మొదలు పట్టుకుని ఆగాడు. ఒక కాయ తెంపి, దాని మీది ఎర్ర రేకు కొరికాడు. మీసం కదలడం ఆగిపోయింది.

"కర్కదే," అన్నాడు.

ఈజిప్టులో దక్షిణాన ఆయన ఊరు. ఆ ఎర్ర రేకులు వాళ్ళమ్మ మిద్దెమీద ఎండబెట్టేదట, మరిగించి చక్కెర వేసి ఇచ్చేదట. "బాబా, రంజాన్‌లో మీ దివానియాలో అతిథులతో కూర్చుని చల్లగా తాగుతారే ఎర్ర షర్బత్, దాని చెట్టు ఇది. మేం పువ్వు తాగుతాం. ఈ పిచ్చివాళ్ళు ఆకు తింటారని నాకేం తెలుసు?" అన్నాడు.

ఆ షర్బత్ తాగనివాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. కఫీల్ ముందు మనవడి వైపు చూశాడు, తర్వాత మా ఆయన దవడ వైపు చూశాడు, ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. వల కింద కుర్చీలో కూర్చున్న పెద్దమామా అక్కడినుంచే కేకేసింది.

"వాదన అయ్యిందా? నా గిన్నెలో వేశారా, లేదా?"

భోజనాలయ్యాక కఫీల్ మా ఆయన్ని అడిగాడు, "ఎందుకు దాచావు? అడిగితే ఇవ్వనా?"

"అడిగితే మేస్త్రీ పీకేసేవాడు, బాబా."

"నిజమే, పీకేసేవాణ్ణి," అని మేస్త్రీ ఏమాత్రం సిగ్గుపడకుండా ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడాది మా ఆయనకు ఒక పందిరి మొత్తం ఇచ్చారు, గోంగూరకే. ఆకు మాది, పువ్వు మేస్త్రీది అని ఒప్పందం. ఆకు ఎక్కువ కోస్తే పువ్వు తగ్గుతుంది, పువ్వుకు వదిలితే ఆకు ముదురుతుంది. అందుకని ఇద్దరూ ఒకరికొకరు కాపలా. పొద్దున్నే లేచి మొక్కలు లెక్కపెట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నం మాత్రం ఒకే గిన్నెలో భోజనం. మేస్త్రీ నా గోంగూర పచ్చడి రొట్టెకు రాసుకుని తినడం మొదలుపెట్టాక మీసాలకు ఎప్పుడూ నూనె పెట్టినట్టు ఉండేది.

కబురు పాకింది. శుక్రవారాలు ఫర్వానియా నుంచి, మంగఫ్ నుంచి మనవాళ్ళు తోట గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఇంజనీర్లు కార్లలో, కంపెనీ క్యాంపుల వాళ్ళు నలుగురైదుగురు టాక్సీ మాట్లాడుకుని. మొదటిసారి వచ్చిన ఒక కడప డ్రైవరు కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.  అప్పటిదాకా మీసం మెలేస్తున్న మా ఆయన అది చూసి, మట్టి దులుపుకునే వంకతో వెనక్కి తిరిగాడు. నేను వేళాకోళం చెయ్యకుండా వదిలేసింది బహుశా ఆ ఒక్కసారే.

నిరుడు మా అమ్మాయి డిప్లొమా పాసయితే, కఫీల్ దానికి విజిట్ వీసా తీయించాడు. తోటకు రాగానే మా ఆయన కొత్త చొక్కా వేసుకుని పందిరంతా తిప్పి చూపించాడు, సొంత ఎస్టేటులా. ఆ పిల్ల చివరిదాకా నడిచి, కూర్చుని, మట్టి వేళ్ళతో నలిపి చూసింది. సాళ్ళ మధ్య జానతో కొలిచింది.

"దగ్గర దగ్గర నాటినావు నాయనా. గాలి ఆడాల గదా," అంది.

మా ఆయన మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీకి తెలుగు రాదు, కానీ కొలత అర్థమైంది. నోటుపుస్తకం తీసి, పెన్ను చెవి మీద నుంచి లాగి, ఆ పిల్ల ముందు నిలబడ్డాడు.

"ఎంత దూరం ఉండాలో చెప్పమను," అన్నాడు మా ఆయనతో.

అమ్మాయి చెప్తూ ఉంటే ఇద్దరు తలపండిన రైతులూ తలలు వంచుకుని విన్నారు. నేను వంటపాక నుంచి చూస్తూ ఉల్లిపాయలు తరుగుతున్నాను.