తిత్తుల గదిలో గొంతు

మా ఎబర్స్‌టాల్ చర్చిలో ఆర్గన్ వెనక కిటికీ లేని గది ఒకటి ఉంది. ఆర్గన్‌కు గాలి పంపే తిత్తులు అందులోనే ఉంటాయి. వాటిని తొక్కే పని బార్తెల్ రాయిషెల్‌ది. అతని భార్య సబీనా గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూనే ఉన్నాను. బడిలో మూడో మాస్టారిగా పనిచేసిన రోజుల్లో, ఆదివారాలు చర్చిలో పాటగాళ్ళు నిలబడే పై మేడ మీద వియోలా వాయించేవాణ్ణి. ఆ వాద్యానికి పని తక్కువ. వినడానికి తీరిక ఎక్కువ.

సబీనా సున్నపు బట్టీ వాళ్ళ పిల్ల. చర్చి బట్టలు ఉతికేది. పెద్ద చేతులు, పెద్ద నవ్వు. బట్టీ పొగలో పెరిగినా ఆ గొంతుకు మాత్రం మసి అంటలేదు.

ఆడవాళ్ళు మేడ ఎక్కి పాడకూడదన్నది మా వైపు కట్టుబాటు. సన్నని గొంతుల వంతు బడి పిల్లలదే. కొత్త సంవత్సరం రాగానే వాళ్ళు మంచులో ఇంటింటికీ తిరిగి పాడతారు. ఫిబ్రవరిలో, బాల యేసును ఆలయానికి తెచ్చిన సమర్పణ పండుగ వచ్చేసరికి అందరి గొంతులూ బొంగురుపోయి, పాడగలవాడు ఒక్కడు మిగిలితే అదే పదివేలు. ఆ పండుగ కోసం, చర్చి సంగీతం నడిపే మా కాంటర్ హెల్బిగ్‌గారు కట్టిన కంటాటా అనే పాటల వరసలో ఇద్దరు కావలసిన పాట ఉంది. మేడ మీద ఒకరు ఆత్మగా నిలబడి అడుగుతారు. కనబడని చోటి నుంచి ఇంకొకరు ప్రతిధ్వనిలా బదులిస్తారు.

"చీకటి దారిలో ఒంటరిగా నడవాలా?"
"వద్దు."
"నా చెయ్యి పట్టుకుంటావా?"
"పట్టుకుంటా."
"పిలిస్తే పలుకుతావా?"
"పలుకుతా."

రెండో గొంతు దొరక్క కాంటర్‌గారు తల పట్టుకున్న ఒక ఉదయం, తిత్తుల గదిలోంచి కూనిరాగం వినిపించింది. నేనూ పక్కనే ఉన్నాను.

"ఎవరు లోపల?" అన్నారాయన.

"దెయ్యం కాదులెండి, నా పెళ్ళాం. రెండూ ఒకటే అనుకోండి," అన్నాడు బార్తెల్.

"నీ మొహం! దెయ్యమైతే నీకు వేడి చారు మోసుకొస్తుందా?" అంటూ సబీనా మూత పెట్టిన గిన్నెతో బయటికొచ్చింది.

ఆ ఏటి నుంచి ఆ బదులు పలికేది ఆమే. తలుపు వెనక నిలబడి, కలప సందుల్లోంచి పాడేది. కింద కూర్చున్న వాళ్ళు ఎవరో పిల్లవాడనుకునేవారు. "సంతలో క్యాబేజీ అమ్మే ఆవిడ చెబుతోంది మాస్టారూ, ఆ పిల్లాడు దేవదూతేనట! ఆ దేవదూత అక్కడే నిలబడి కాణీ తగ్గించమని బతిమాలుతోందాయె. నవ్వాపుకోలేక చచ్చాను," అని ఒకసారి నాతో చెప్పింది. నవ్వింది గానీ, తన పేరు ఎవరికీ తెలియదన్న బాధ ఆ నవ్వు అంచున ఉండేది.

చివరికి ఎవరో పైకి ఫిర్యాదు చేశారు. సమర్పణ పండుగకు పెద్ద పాస్టరుగారే స్వయంగా విచారణకు వస్తున్నారని కబురొచ్చింది. మేడ మీద ఆడది పాడినట్టు తేలితే బార్తెల్ పని పోతుంది. పనితోపాటు చర్చి ఇచ్చిన ఇల్లూ పోతుంది.

కాంటర్‌గారు వాళ్ళిద్దరినీ పిలిచి, "సబీనా, ఈసారి నువ్వు కింద ఆడవాళ్ళ బల్లల్లో, ఆయన కళ్ళెదురుగా కూర్చో. బదులు ఆర్గన్ మీద మెత్తగా వాయిస్తారు," అన్నారు.

"నేను లేకుండా వాయిస్తారన్నమాట," అంది సబీనా.

"ఇల్లు ఉండాలా, పాట ఉండాలా?" అని కసిరాడు బార్తెల్.

ఆమె ఉతకాల్సిన బట్టల మూట ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

పండుగనాడు చర్చి నిండిపోయింది. మేడ కటకటాల మీంచి చూస్తే సబీనా నాకు స్పష్టంగా కనిపించింది. నల్ల శాలువా, ఒళ్ళో చేతులు, బిగించిన పెదవులు. మేడ మీద ఆత్మగా పాడే కుర్రవాడు లేచి అడిగాడు. "చీకటి దారిలో ఒంటరిగా నడవాలా?"

ఆర్గన్ వాయించే ఆయన వేళ్ళు ఇంకా మీటలకు తగలనే లేదు.

"వద్దు," అంది తిత్తుల గది.

అది సబీనా గొంతే. నా కమాను తీగ మీదే ఆగిపోయింది. కింద సబీనా పెదవులు కదల్లేదు, కానీ మొహం సున్నంలా పాలిపోయింది. కుర్రవాడు వణుకుతూనే మిగతా రెండూ అడిగాడు. రెండింటికీ బదులొచ్చింది. మూడో బదులుకు ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా విన్నాను.

ప్రార్థన ముగియగానే పెద్ద పాస్టరుగారు ఆ గది తలుపు తీయించారు. లోపల బార్తెల్ ఒక్కడే, తొక్కేటప్పుడు ఆనుకునే కర్ర పట్టుకుని చెమటతో నిలబడి ఉన్నాడు.

"ఎవరు పాడారు?"

"నేను తొక్కుతున్నానండీ. అటు తిరగలేదు," అన్నాడు బార్తెల్.

ఆయన ఫిర్యాదులో పేరున్న సబీనాను పిలిపించి అదే మాట పాడమన్నారు. ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది, స్వరం రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ ప్రయత్నించింది. గాలి, అంతే.

"ఈవిడకు గొంతే లేదు. పాడిన పిల్లవాడెవడో జారుకుని ఉంటాడు. అబద్ధపు ఫిర్యాదు," అని ఆయన బండెక్కారు. పని దక్కింది, ఇల్లూ దక్కింది.

మాట్లాడే గొంతు ఆమెకు ఎప్పటిలాగే ఉంది. తిట్టేది, బేరమాడేది, నవ్వేది. పాట మాత్రం పోయింది. అందరూ కీర్తన ఎత్తుకున్నప్పుడు పెదవులు కదిపేదంతే. కాంటర్‌గారు ఆ కంటాటాను పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఇంకొక్కసారి వాయించమని సబీనా నా ఎదుటే అడిగింది.

"అది నీ గొంతు కాదమ్మా, అదేమిటో నాకు తెలియదు," అన్నారాయన.

"నాది కాకపోతే, అది ఊపిరి తీసుకున్నప్పుడు నా గుండె ఎందుకు ఖాళీ అయిందండీ?"

ఆయన దేవుడి పేరు తలుచుకుని వెళ్ళిపోయారు.

బార్తెల్ మారిపోయాడు. హాస్యం మానేశాడు. ఆర్గన్ మోగని రోజుల్లో కూడా రొట్టెముక్క పట్టుకుని తిత్తుల గదికి వెళ్ళేవాడు. ఇంకెవర్నీ గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. ఒకరోజు సబీనా మెట్ల దగ్గర అతన్ని ఆపింది.

"ఏం చేస్తున్నావయ్యా రోజూ అక్కడ?"

"తోలుకు కొవ్వు రాస్తున్నా. ఎండితే పగిలిపోతుంది."

"నా దగ్గర దాచకు. నువ్వు దాన్ని వింటున్నావు. నన్నూ రానీ."

"నువ్వొస్తే పలకదు," అన్నాడతను తల వంచుకుని. ఆ మాట నేను విన్నానని వాళ్ళకు తెలియదు. సొంత మొగుడు తన గొంతు దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంటే, కింద బట్టలు పిండుతూ ఉండిపోయిన ఆ మనిషి ఏమనుకునేదో నేను ఊహించలేను. ప్రయత్నించాను, చేతకాలేదు.

హెల్బిగ్‌గారు పోయాక కుర్ర కాంటర్ ఒకాయన వచ్చాడు. ఈ సంగతులేవీ ఎరగడు. చనిపోయేవాళ్ళు తమ అంత్యక్రియలకు కావలసిన పాట ముందే ఎంచుకోవడం మాలో ఆనవాయితీ. రొమ్ము జబ్బుతో మంచం పట్టిన సబీనా ఆ పాటే కావాలంది. ఆయన పాత పెట్టె వెతికించి సరేనన్నాడు.

"బదులు ఎవరు పాడాలి?" అని నన్నడిగాడు.

"ఎవర్నీ పెట్టొద్దంది," అన్నాను.

శవపేటికను వేదిక ముందు దించారు. ఆ రోజుకు ఇంకొకరు తొక్కుతారన్నా బార్తెల్ వినలేదు. "ఆమెకు ఊపిరి ఎవరు పంపుతారు?" అన్నాడు.

మేడ మీద ఆత్మగా నిలబడ్డ కొత్త పిల్లవాడు మొదటిది అడిగాడు. తిత్తుల గది పలకలేదు. వాడు బెదిరి నా వైపు చూస్తే, కానివ్వమని తల ఊపాను. రెండోదీ అడిగాడు. మంచు కరిగి చూరు మీంచి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "పిలిస్తే పలుకుతావా?" అని ఆఖరిది అడిగి, ఎంత సేపు ఆగాలో తెలియక అలాగే నిలబడ్డాడు. కింద ఆడవాళ్ళంతా పేటిక వైపే చూస్తున్నారు, మేడ వైపు కాదు. నేనూ అటే చూశాను.

అంతా వెళ్ళాక తిత్తుల గది తలుపు తోశాను. బార్తెల్ కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు.

"తనది తను తీసుకెళ్ళింది మాస్టారూ," అన్నాడు. "ఇన్నేళ్ళలో ఈ గదిలో ఒంటరిగా ఉండటం నాకిదే మొదలు."