పెరుగు వేసుకోకుండా లేవబోతే

గుడివాడలో ఒక రైస్ మిల్లు ఓనరు గారిని మొదటిసారి రెండింటికి కలవాలి. ఆలస్యమైతే మా మిషన్ ఆర్డరు పోయినట్టే. అందుకే మిల్లు పక్కనే ఉన్న చవక మెస్సులో భోజనానికి పావుగంట కేటాయించాను. పప్పు, కూర, పులుసు అనుకున్న టైముకే ముగిశాయి. విస్తరి మడవబోతుంటే వడ్డించే పెద్దాయన చేయి అడ్డుపెట్టారు.

"పెరుగు వేసుకోకుండా లేస్తారేంటండీ? కూర బాగోలేదా?"

తింటున్నవాళ్లంతా తలలెత్తి, నేనేదో అలిగి వెళ్లిపోతున్నట్టు చూశారు.

"అన్నీ బాగున్నాయండీ. మిల్లు ఓనరు గారితో మీటింగు, టైమైపోయింది."

"ఆయనతోనా?" పెద్దాయన గరిటెతో మూల బల్ల వైపు చూపించారు. "అదుగో, ఇంకా పులుసు దగ్గరే ఉన్నారు. కూర్చోండి బాబూ."

కూర్చుని, పెరుగులోకి మారు అన్నం పెట్టించుకున్నాను.