అక్క గుండెలో బెలూన్ లేదు

మిరపకాయ కల్లానికి వచ్చిన వారంలోనే మా అక్క పోయింది. అక్కంటే తోడబుట్టింది కాదు, పెద్ద తోడికోడలు. గుంటూరు ఆసుపత్రి నుంచి ఫోను ఎరువుల కొట్టుకి వచ్చింది. నేను గడప దాటేలోపే వీధిలో ఎవరో అనేశారు: "చెప్పలా? ఆ బెలూన్ ఇన్నాళ్లకి పగిలింది."

ఎదురింటావిడ కూతురికీ అదే జబ్బు. ఆ పిల్లని ఆపరేషన్‌కి తీసుకెళ్లబోతున్నారు. ఆ మాట విని ఆవిడ సర్దిన సంచి విప్పేసింది.

బెలూన్ పగల్లేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏడో తరగతితో బడి మానేశాను. నలుగురిలో నోరు పెగలదు నాకు. రాయడం కొంచెం వచ్చు.

నేను కాపురానికి వచ్చేటప్పటికి అక్క బిందెడు నీళ్లు మోస్తే గోడ పట్టుకుని నిలబడేది. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండెలో కవాటం బిగుసుకుపోయిందట. డాక్టర్లు తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, దాని చివరున్న బెలూన్ ఊది, కవాటం తెరిచి, బెలూన్ బయటికి తీసేశారు. నాలుగో రోజుకి అక్క ఇంటికొచ్చింది. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లంతా "కోత ఏదమ్మా?" అని రొమ్ము మీద వెతికారు.

"తొడ మీదుంది, చూస్తారా?" అంది అక్క. నవ్వుకుంటూ పోయారు.

మా అత్తగారికి మాత్రం బెలూన్ అన్న ఒక్క మాటే మిగిలింది. తిరనాళ్లలో కొనే బుడగ లాంటిది ఇంకా లోపలే ఉందనుకుంది. బరువెత్తితే పగులుద్ది, గట్టిగా తుమ్మితే పగులుద్ది. మా ఇంట్లో ఎండుమిరపకాయ తాలింపు ఆగిపోయింది. అక్క కల్లం వైపు పోకుండా నన్ను కాపలా పెట్టింది. ఆ ఏడంతా అక్క అరుగు మీదే కూర్చుంది.

"ఊపిరి తెచ్చుకుంది అరుగు మీద దాచుకోడానికా చెల్లీ?" అనేది నాతో.

మరుసటి ఏడు కాయ వచ్చింది. ఒక పొద్దున అక్క బావగారి పొడుగు చేతుల చొక్కా చీర మీద తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టి, నడిచి వెళ్లిపోయింది. వెనకాలే నేను, నా వెనక అత్తగారు.

"ఒసేయ్ పెద్దదానా! పగులుద్దే!"

అక్క వినలేదు. తెల్లబారిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ల మధ్యన రాశి ముందు కూర్చుంది. తుమ్మింది. అందరి చేతులూ ఆగాయి. ఇంకోటి తుమ్మింది. మూడోది కల్లం చివరిదాకా వినపడింది. చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుని అత్తగారి వైపు తిరిగింది.

"పగల్లేదుగా!"

ఆనాటి నుంచి తుమ్మిన ప్రతిసారీ అదే మాట. తొమ్మిది కాపులు ఏరింది, బస్తాల్లోకి తొక్కింది, మూతులు కుట్టింది. ఏటా వచ్చి చూపించుకోమని, కవాటం మళ్లీ బిగుసుకోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. మొదట్లో వెళ్లేది. తర్వాత "కాయ అయ్యాక చూద్దాంలే" అనేది. ఆయాసం తిరగబెట్టినా మాకు చెప్పలేదు. తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. అక్క మొండిదే, నిజం. ఆ మొండితనం వల్లే పోయింది, తొమ్మిదేళ్లు మనిషిలా బతికిందీ ఆ మొండితనం వల్లే.

పెద్దకర్మ నాడు ఎదురింటావిడ బంతిలో కూర్చుని, "మాకొద్దమ్మా ఆ బెలూన్" అంది. నా చేతిలో పప్పు బకెట్ ఉంది. అక్కడ మగవాళ్లున్నారు, మా మావగారున్నారు. బకెట్ కింద పెట్టాను.

"లోపల ఏమీ లేదు పిన్నీ. తెరిచి తీసేశారు. మళ్లీ బిగుసుకుపోయింది, మేం చూపించలేదు. పిల్లని తీసుకెళ్లు. ఏటా చూపించు."

అత్తగారు పందిరి రాట దగ్గర నుంచి లేచింది. తిడుతుందనుకున్నాను.

"డాక్టర్ల సంగతి నాకు తెలీదు. అది తుమ్మితే పగల్లేదు. నేను చూశా," అంది.

ఎదురింటావిడ విస్తరి పక్కకి జరిపి, "నువ్వు తోడొస్తావా?" అనడిగింది.

సోమవారం మొదటి బస్సుకి వెళ్తున్నాం. మొగుడు పక్కన లేకుండా నేను గుంటూరు పోవడం ఇదే మొదలు.

అక్క చొక్కా కల్లం పాకలో మేకుకి వేలాడుతూనే ఉంది. నిన్న నేను తీసి దులిపితే ఎర్రటి దుమ్ము లేచింది. నేనూ మా అత్తగారూ ఒకేసారి తుమ్మాం.