ఎనిమిది వారాలు ఒకే మంత్రగాడు

మీ చేతిలో ఓడిపోవడానికే పుట్టిన శత్రువుతో తలపడి, దాన్ని యుద్ధమని ఎలా చెప్పుకుంటారు?

నేను చెప్పుకున్నాను, ఎనిమిది ఆదివారాలు. గుంటూరులో మోటార్లు బాగుచేసే మిత్రుడి షాపు మేడ మీద, మధ్యాహ్నం పూట, ముగ్గురం బల్ల చుట్టూ చేరి కథల ఆట ఆడతాం. కథ నడిపేది నేను. వాళ్లిద్దరూ వీరులు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. ఎదురు నిలిచే శత్రువులను ఎంచేదీ నేనే.

మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా సభల్లో వాదిస్తూ పెరిగినవాణ్ణి. అందుకని ప్రతి వారం ఒక మంత్రగాణ్ణే నిలబెట్టాను. వాడు అరుస్తాడు, నిప్పులు విసురుతాడు, కత్తితో పొడిస్తే పడిపోతాడు. ఆట విసుగ్గా మారుతుంటే వాడి బలం పెంచాను. అదే విసుగు ఇంకో గంట సాగింది.

రెండో మిత్రుడు మిర్చి రైతు. పర్చూరు వైపు నుంచి బస్సులో వస్తాడు. ఆ ఏడాది అతని తోటను నల్ల తామర పురుగు తినేసింది. పూతలో చేరి పూతంతా రాల్చేసింది. ఇంట్లో మాట్లాడటం మానేశాడు. వాళ్లావిడ నాకు ఫోన్ చేసింది. "మీ దగ్గరికి వచ్చిన రోజే నాలుగు ముద్దలు తింటున్నారు. ఆట మాత్రం ఆపకండి అన్నయ్యగారూ" అంది.

ఎనిమిదో వారం అతను పాచిక వేయకుండా బల్ల మీద పెట్టేశాడు.

"వచ్చే వారం నుంచి రానురా."

"ఏరా, మంత్రగాడంటే భయమేసిందా?" అని షాపు మిత్రుడు నవ్వాడు.

"భయమేసినా బాగుండేది. ఒరేయ్, వీణ్ణి చంపడానికి బుర్రెందుకు? తోటలో నేను చేసిందీ ఇదేగా. ఆకు ముడుచుకుంటే పాత మందే కొట్టా. తగ్గకపోతే డోసు పెంచి మళ్లీ అదే కొట్టా. పురుగు మారిందని చూసుకోలా. ఇక్కడికొచ్చి కూడా అదే చెయ్యమంటావేంట్రా?"

నాకు నా సభలు గుర్తొచ్చాయి. అవతలి పక్షంలో అందరికంటే తెలివితక్కువవాణ్ణి ఎంచుకుని, ఓడించి, చప్పట్లు కొట్టించుకున్న సభలు.

"ఇంకొక్క వారం రారా" అన్నాను.

ఆ వారమంతా శత్రువుల గురించే ఆలోచించాను. ముందు చిన్న జీవుల గుంపు ఒకటి: ఒక్కొక్కటీ చిన్న దెబ్బకే చస్తుంది, కానీ ఒకదాన్ని నరికేలోపు పది మీదపడతాయి. వెనక దూరంగా ఒక విలుకాడు. వాడికి అడ్డంగా, ఎవరినీ కొట్టకుండా డాలు పట్టుకుని నిలబడేవాడు ఇంకొకడు. విడివిడిగా ఎవరూ గొప్పవాళ్లు కారు.

ఆదివారం రైతు మిత్రుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆగండ్రా! తొందరపడకండి. ముందు ఆ డాలువాణ్ణి పక్కకి లాగాలి."

లాగారు. ఓడిపోయారు. మెట్లు దిగుతూ అతను అన్నాడు: "డాలువాణ్ణి కాదురా, గుంపుని ముందు సందులోకి తోలాల్సింది." మరుసటి వారం బస్సులో గీసుకున్న కాగితంతో వచ్చాడు.

ఇప్పుడతను తోటలో పురుగులు అంటుకునే నీలం జిగురు అట్టలు కట్టాడు. పూలను తెల్లకాగితం మీద దులిపి, ఏ పురుగో చూశాకే మందు కొడుతున్నాడు. ఇది ఆట వల్లే అనడానికి నా దగ్గర రుజువు లేదు, అనను. అతను అన్నం తింటున్నాడని మాత్రం వాళ్లావిడ చెప్పింది.

మీరు ఆట నడిపేవాళ్లయితే, వచ్చే ఆదివారానికి రాసుకున్న శత్రువుల కాగితం ఇప్పుడే తీయండి. బుర్ర పెట్టకుండా కత్తితో పొడిస్తేనే పడిపోయేవాళ్లందరినీ కొట్టేయండి. మీ బల్ల దగ్గరికి ఎవరు ఏం పోగొట్టుకుని వస్తున్నారో కనుక్కుని, వాళ్ల బుర్రకు పని పెట్టే శత్రువును రాయండి.