పన్నెండో కప్పు

నేను ఐదో తరగతి దాటలేదు. గోడ చూసి ఇటుకలెన్ని పడతాయో చెప్పడం మేస్త్రీల వెంట తిరిగి నేర్చుకున్నాను. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం గోడకు ఐదు వందలు. విరిగేవాటితో కలిపి ఐదు వందల ఇరవై. చొప్పదండి చుట్టుపక్కల ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ముందు నన్నే పిలుస్తారు. అందుకే మా చర్చిలో సండే స్కూలు టీచరమ్మకు జ్వరం వచ్చినప్పుడు, పిల్లల్ని కరీంనగర్‌లో బైబిల్ వాక్యాల పోటీకి తీసుకెళ్లే పని నాకు అప్పజెప్పారు. లెక్క తప్పడని వాళ్ల నమ్మకం.

పిల్లలు పదకొండు మంది. నాకో పద్ధతి ఉంది. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుంటే ఐదు జతలు. మిగిలిన ఒక్కతి, అందరికన్నా చిన్నది, ఐదేళ్లది, నా ఎడమచేతి చిటికెనవేలు పట్టుకోవాలి. ముందు ఐదు జతలు కనబడాలి, వేలికి బరువు తెలియాలి. అంతే, పదకొండు. గోడ లెక్కగట్టేవాడు ఒక్కో ఇటుక ముఖం చూడడు.

పోటీలో మావాళ్లకు ఏ బహుమతీ రాలేదు. బస్సుకు ఇంకా రెండు గంటలుంది. ఐస్‌క్రీమ్ తినిపిస్తానని ముందే మాటిచ్చాను కాబట్టి పాత బజారుకు నడిపించాను. పాతకాలపు కమాను ద్వారం కూడా చూసినట్టుంటుంది అనుకున్నాను. వాళ్లకు కమాను రెండు నిమిషాల్లో అయిపోయింది. నేనే ఒక పాత ఇంటి గోడ దగ్గర ఆగిపోయాను. డంగు సున్నం కట్టుబడి, రెండడుగుల మందం. పెచ్చులూడిన చోట కనబడే ఇటుకలు పలుచగా ఉన్నాయి. ఇప్పటివాటిలో సగం కూడా లేవు. ఆ లెక్క నాకు రాదు. జేబులోంచి టేపు తీసి కొలుస్తుంటే పిల్లల్లో పెద్దది నా చొక్కా గుంజింది.

"పెద్దబాపూ, ఐస్‌క్రీమ్ కరిగిపోతది."

"ఇంక కొననే కొనలే గదనే!"

"బండిల కరుగుతది."

ఐస్‌క్రీమ్ బండతన్ని పన్నెండు కప్పులు అడిగాను. పదకొండు వాళ్లకు, ఒకటి నాకు. డబ్బులిచ్చాక టేపు గోడ దగ్గరే మరిచానని గుర్తొచ్చి వెళ్లి తెచ్చుకున్నాను. వచ్చేసరికి కప్పులన్నీ అయిపోయాయి. నా వంతు ఏ దొంగ మింగాడో అనుకుని నవ్వుకున్నాను. పిల్లలు మూసిన దుకాణం అరుగు మీద వరుసగా కూర్చుని, చెక్క చెంచాలు నాకుతూ, ఎవరి నాలుక ఎంత ఎర్రబడిందో ఒకరికొకరు చూపించుకుంటున్నారు. బహుమతి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"లేవుండ్రి, జతలు కట్టుండ్రి" అన్నాను. కట్టారు. ఎడమచెయ్యి చాపాను.

వేలు ఖాళీగానే ఉంది.

చుట్టూ చూశాను. రోడ్డు మీద ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. పక్కనే మూతలేని మోరీ. పొద్దున బస్సెక్కేటప్పుడు ఆ పిల్ల తల్లి "ఒక్కతే బిడ్డ, అన్నా" అని రెండుసార్లు చెప్పింది. ఆమె ముందు నిలబడి ఏం చెప్పాలో అప్పుడే వెతుక్కుంటున్నాను. నేను పిలిచేలోగా చిన్నదాని కోసం పెద్దదే అరిచింది.

"నేను గీడనే ఉన్న" అంది చిన్నది, చివరి జతలోంచి.

జతలు లెక్కపెట్టాను. ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే. అప్పుడు ముఖాలు చూశాను. చిన్నదాని చెయ్యి పట్టుకుని, పసుపు గౌనులో, గడ్డానికి ఐస్‌క్రీమ్‌తో, నేనెన్నడూ చూడని ఆడపిల్ల.

"ఎవలే గీ పిల్ల?"

"మాకేం తెల్సు?" అంది పెద్దది. "నువ్వే ఐస్‌క్రీమ్ ఇప్పిస్తివి గదా, మీ సుట్టాల పిల్లనుకున్నం."

"మీ అవ్వ ఏది, బిడ్డా?" అని అడిగాను. పసుపు గౌను పిల్ల చిన్నదాని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఒక పిల్ల తప్పిపోయిందన్న భయం కన్నా ఒక పిల్ల ఎక్కువైందన్న భయం పెద్దదని నాకు అప్పుడు తెలిసింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని అప్పట్లో ఫోన్ల నిండా మెసేజ్‌లే. తినడానికి ఏదో ఇచ్చి మచ్చిక చేసుకుంటారట. రెండు నెలల కింద మా ఊళ్లో దుప్పట్లు అమ్మే మనిషిని ఆ అనుమానంతోనే స్తంభానికి కట్టి కొట్టారు. పోలీసులు వచ్చి విడిపించేదాకా నేను అక్కడే, సగం కట్టిన గోడ మీద నిలబడి చూశాను. కొట్టలేదు. ఒక్క మాటా అనలేదు.

ఈ పిల్లను పోలీస్ స్టేషన్‌కు నడిపిస్తే ఎత్తుకుపోతున్నట్టే ఉంటుంది. వదిలేస్తే అంత చిన్నది ఏమైపోతుంది? ఆ పిల్ల చెయ్యి పట్టుకోవాలంటే భయం, పట్టుకోకపోతే భయం. "ఎవ్వలు కదలద్దు" అని మాత్రం అనగలిగాను.

గాజుల దుకాణాల వైపు నుంచి ఒకామె ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. వచ్చి పసుపు గౌను పిల్లను లాక్కుంది. ఆమె వెనక జనం. ముందున్నవాడు ఫోన్ పైకెత్తి నన్ను వీడియో తీస్తున్నాడు.

"ఐస్‌క్రీమ్ ఇచ్చి తనదిక్కు మల్పుకున్నడు, సూడుండ్రి" అన్నాడు. "ఏ ఊరు నీది? ఎవలు గీ పిల్లలు?"

"మా చర్చి పిల్లలు."

"ఎంతమంది?"

"పదకొండు."

బండతను నాకు సాయం చేద్దామనే నోరు తెరిచాడు. "మంచి మనిషే భాయ్. నా దగ్గర ఒకటేసారి పన్నెండు కొన్నడు."

అందరూ నా వైపు తిరిగారు.

"పదకొండు మందికి పన్నెండెందుకు?" అన్నాడు ఫోన్ మనిషి.

ఏ లెక్క చెప్పేటప్పుడూ నా నోరు అంతగా ఎండిపోలేదు. "ఒకటి నాకు" అన్నాను.

"నీకా?"

"నాకే."

పూలమ్మే ముసలమ్మ పకపకా నవ్వింది. "మీసాలు నెరిసినయ్, కప్పు ఐస్‌క్రీమ్ గావాల్నట పెద్దమనిషికి!" వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఫోన్ మనిషి నవ్వలేదు. "అయితే తిను, సూస్త" అన్నాడు.

బండతను కప్పు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తిన్నాను. నిలబడి, అంతమంది చూస్తుండగా, చెంచా పళ్లకు కొట్టుకుంటుంటే తిన్నాను. ఏ రుచో తెలియలేదు.

ఆ పక్కనే తల్లి బిడ్డను అడుగుతోంది. "చెయ్యి ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవే?"

పసుపు గౌను పిల్ల మొదటిసారి మాట్లాడింది. చిన్నదాన్ని చూపించి, "గీ పాపకు జోడి లేదు" అంది.

తల్లి జతలుగా నిలబడ్డ మా పిల్లల్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. బిడ్డ వీపు మీద ఒక్కటేసి, ఎత్తుకుని, కళ్లు తుడుచుకుంది. "పోనియ్యి తమ్మీ, గా ఫోన్ బందువెట్టు" అంది. పోతూ నాతో, "నువ్వు తిను అన్నా, కరుగుతది" అంది.

కప్పు ఖాళీ అయ్యాకే అతను ఫోన్ జేబులో పెట్టాడు.

బస్టాండు దాకా ఒక్కొక్కరి ముఖం చూసి లెక్కపెట్టుకుంటూ నడిచాను. దుప్పట్ల మనిషి వదలకుండా గుర్తొచ్చాడు. ఎన్ని దుప్పట్లు తెచ్చినవ్, ఎన్ని అమ్మినవ్ అని ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే అతనూ తన లెక్క చెప్పుకునేవాడు. అట్లాంటివి అడగడమే నా పని. అడగలేదు.

చిటికెనవేలికి చిన్నదాని చెయ్యి జిగటగా అంటుకుంది. "పెద్దబాపూ, నీ వేలు గిట్ల వణుకుతుందేంది?" అని అడిగింది.

"ఐస్‌క్రీమ్ తింటి గదా బిడ్డా, సలి" అన్నాను. మే నెల ఎండ నెత్తిని మాడుస్తోంది.