చేపల వ్యానులో వెళ్ళిన ఫిర్యాదు

మా యూనివర్సిటీ ఫిర్యాదుల కమిటీ చైర్మన్ గారి టేబుల్ మీద నేను చేపల గంప బోర్లించానని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఈ మధ్య ఒక పెళ్ళిభోజనాల దగ్గర ఒకావిడ నేనెవరో తెలియక నాకే చెప్పింది, గంపలో వంజరాలు ఉన్నాయని కూడా కలిపి. అబద్ధం. గంపా లేదు, వంజరమూ లేదు. అయినా వంజరం ధర తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని, ఒక కమిటీ కోసం వంజరాలు పారబోస్తానా? కోపం మరీ ముదిరితే గుప్పెడు నెత్తళ్ళు, అంతకు మించి వాళ్ళకి అనవసరం.

అసలు జరిగింది అంతకన్నా ఘోరం. ఒక ఫిర్యాదును నేనే పెట్టి, నేనే వాదించి, నా మీద నేనే గెలిచాను. ఇలాంటి విజయం మీ పగవాళ్ళకి కూడా రాకూడదు.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో సంగతి. తోటివాళ్ళు పిల్లల పదో తరగతి గురించి బెంగపడే వయసులో నేను తూర్పు గాంగుల శాసనాల మీద పరిశోధన చేస్తానని యూనివర్సిటీలో చేరాను. మా ఆయనది కొత్తవలస స్టేషనులో ఉద్యోగం, కాపురం అక్కడే. యూనివర్సిటీ విజయనగరం దాటాక. పొద్దున్నే ప్యాసింజరెక్కి, దిగి, ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని వెళ్ళేవాళ్ళం. వాళ్ళం అంటే నేనూ, సత్యవతీ, ఇంకొందరు ఆడ స్కాలర్లూ. సత్యవతిది కొత్తవలస పక్క పల్లెలో వరి పండించే ఇల్లు. మెత్తని మనిషి. కాలు తొక్కినవాళ్ళకి తనే సారీ చెబుతుంది.

మా డిపార్టుమెంటులో హఠాత్తుగా ఒక కొత్త నియమం పుట్టింది. స్కాలర్లు ఉదయం పది గంటలకు రిజిస్టర్లో సంతకం పెట్టాలి. పది దాటితే రిజిస్టర్ బీరువాలోకి వెళ్ళిపోతుంది. రైలు వేళకి నడిస్తే మాకూ ఇబ్బంది లేదు. కానీ కిరండూల్ లైను మీద నుంచి ఇనపరాయి గూడ్సు దిగుతోందంటే మా ప్యాసింజరును కొత్తవలసలో పక్కన నిలబెట్టేసేవారు, బడిలో అల్లరి పిల్లను నిలబెట్టినట్టు. మేం కిటికీలోంచి రాళ్ళ పెట్టెలను చూస్తూ కూర్చునేవాళ్ళం.

దీని గురించి మా ఆయన్ని నిలదీశాను. రైల్వే అంతా ఆయనదే అన్నట్టు.

"మనుషులున్న బండాపేసి రాళ్ళ బండి పంపుతారేటి? సిగ్గునేదా మీ రైల్వేకి?"

ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "ఆ రాయి కోసం రేవులో వోడ ఎదురు సూస్తన్నాది. నీ కోసం ఎవుడు ఎదురు సూస్తన్నాడు సెప్పు?"

పులుసు గిన్నె ఎత్తుకుని నేనే వంటింట్లోకి తప్పుకున్నాను. నా జీవితంలో అలాంటి రోజులు చాలా తక్కువ కాబట్టి గుర్తుంది.

నా సంగతి సరే, నేను ఎలాగో అరిచి బతికేస్తాను. సత్యవతి రిజిస్ట్రేషన్ ఆ నెలే రెన్యూవల్ కావాలి. హాజరు అప్పటికే తక్కువ పడింది. రెన్యూవల్ ఆగిపోతే ఇంక చదువు చాలు, పొలం పని చూసుకోమని అత్తవారు అప్పుడే చెప్పేశారు. రోజూ రైల్లో ఆ పిల్ల గూడ్సు వైపు చూసే చూపు చూస్తే ఇనుము కరగాలి. ఇనుము కరగలేదు గానీ నేను కరిగాను. "నాను సూసుకుంతానే" అన్నాను. ఆ మాటతోనే ఆ పిల్ల భయపడి ఉండాలి.

ముందు మా గైడు దగ్గరకి వెళ్ళాను. అంతా శ్రద్ధగా విన్నారు. "చాలా న్యాయమైన సమస్యమ్మా. విన్నాను" అన్నారు. ఏం చేస్తారు సార్ అంటే, "వినడం వరకే నా పరిధి. చేసేది హెడ్డు గారు" అన్నారు. హెడ్డు గారు చేసేవారే గానీ వినేవారు కాదు. నేను రెండో వాక్యంలో ఉండగానే, "రాతపూర్వకంగా కమిటీకి పెట్టుకోండి" అని ఫోనెత్తారు. ఆ ఫోను మోగలేదన్న సంగతి నేను గమనించాను, ఆయనా నేను గమనించినట్టు గమనించారు.

కమిటీకి పెట్టాను. తెలుగులో ఉన్న విశేషణాలన్నీ వాడాను. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. ఫలానా మంగళవారం ఉదయం సరిగ్గా పది గంటలకు విచారణ. ఫిర్యాదుదారు హాజరు కాకపోతే ఫిర్యాదు కొట్టివేయబడును.

ఆగి మరోసారి చదవండి. పదింటికి రాలేకపోతున్నామన్న ఫిర్యాదును పదింటికి వచ్చి చెప్పుకోవాలట. ఆఫీసులో క్లర్కు దగ్గరకి పరిగెత్తాను.

"ఏటి బాబూ ఇది? ఈ టైము మార్చడానికి అవదా?"

"ఎందుకవదమ్మా, అవతాది. టైము మార్చమని కమిటీకి ఇంకో ఫిర్యాదెట్టండి."

"అదెప్పుడు వింటారు?"

"కమిటీ ఎప్పుడు కూకున్నా పదింటికే కదమ్మా" అన్నాడు, పాపం, ఏ వెటకారమూ లేకుండా.

సత్యవతి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నా మాటిను. రోజూ లాగే రైల్లో వచ్చీయ్. ప్రొఫెసర్ల మీటింగు పదంటే పదింటికి మొదలవడం నువ్వెప్పుడైనా సూసినావేటి? ఆళ్ళొచ్చి, టీలు తాగి, కుర్చీలు సర్దుకునీసరికి మన బండే ముందొచ్చీస్తాది. చెమటలు కారుకుంటా ఎల్లి నిలబడ్డావనుకో, అదే సాక్ష్యం."

ఎంత తెలివైన మాట! నేను విన్నానా? "ఆళ్ళ ముందు ఆలస్యంగా ఎల్లి తల దించుకోమంతావేటే? నాను పదికి ముందే ఆ గుమ్మంలో ఉంతాను, సూస్కో" అన్నాను. మీకు ఇప్పటికే అర్థమైపోయింది కదా. నాకు మాత్రం కాలేదు.

మా మరిది నూకరాజుకి చేపల వ్యాను ఉంది. రోజూ తెల్లారకముందే విశాఖ రేవులో సరుకు ఎత్తుకుని, కొత్తవలస మీదుగా విజయనగరం మార్కెట్టుకి తోలుతాడు. మంగళవారం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని ముందు సీటెక్కాను. కాళ్ళ దగ్గర ఒక ఐసుపెట్టె. దారంతా నేను కమిటీ ముందు మాట్లాడబోయేది గట్టిగా వల్లె వేస్తున్నాను.

"ఒదినా, నీళ్ళు కారతన్నాయి, సీరంచు పైకెత్తుకో" అన్నాడు నూకరాజు.

"మధ్యలో మాట్టాడకు! పరిశోధకుల ప్రాథమిక హక్కు..."

"హక్కు సరే. అంచు తడిసిపోతాది."

"మీరు రైలెక్కి ఎన్నాళ్ళైందో చెప్పండి సార్!"

"నానేటి నీ సైర్మన్నా? నా మీదెందుకు అరుస్తన్నావు? సేపలు బెదిరిపోతాయి" అన్నాడతను.

మార్కెట్లో సరుకు దింపి, నన్ను తొమ్మిది కొట్టేసరికి యూనివర్సిటీ గేటు దగ్గర దించాడు. పట్టుచీర మోకాళ్ళ దాకా చేపనీళ్ళు పీల్చుకుని, దారిలో ఆరి, బిగుసుకుని ఉంది. మా ఇంట అది వాసన కిందకి రాదు, తెల్లారిందన్న గుర్తు. అందుకే నాకేమీ తెలియలేదు. కారిడార్లో ఒక పిల్లి మాత్రం నన్ను ఎంతో గౌరవంగా వెంబడించింది.

పదయింది. కమిటీ లేదు. పదిన్నర దాటాక చైర్మన్ గారు, ఒక మేడం, ఇంకో సార్ వచ్చారు. లోపలికి అడుగుపెట్టగానే చైర్మన్ గారు కిటికీలు తీయించారు. మేడం కొంగు ముక్కు దగ్గరకి వెళ్ళింది. ఫ్యాను పెంచారు. ఫ్యాను గాలి నా వైపు నుంచి వాళ్ళ వైపు వీస్తోంది. విచారణ త్వరగా ముగించాలన్న ఉత్సాహం ముగ్గురి మొహాల్లోనూ కనిపించింది. నా కేసు బలం చూసి కంగారు పడుతున్నారనుకున్నాను.

"చెప్పండమ్మా, మీ సమస్య?"

"పది గంటలకు రాలేకపోవడం సార్."

"ఇవాళ ఎన్నింటికి వచ్చారు?"

ఆయన ఏదో మర్యాదకి అడిగారు. 'ఇవాళ ఒక్కరోజే సార్, నానా తంటాలూ పడి' అనాలి. నా నోరు అలా అనదు.

"తొమ్మిదింటికే వచ్చాను సార్. ఆలస్యమైంది మీకే."

మేడం తన చేతి గడియారం చూసుకున్నారు.

"అయితే రాగలరన్న మాట" అన్నారు చైర్మన్ గారు, చాలా నెమ్మదిగా.

"రాగలను గానీ సార్, అది రైలు కాదు. మా మరిది వ్యాను."

"ఓహో, వ్యాను. రోజూ వస్తుందా అది? మధ్యలో మానేస్తూ ఉంటాడా?"

మానేయడమా! మా నూకరాజా! మా ఇంటి పరువు మీదికే వచ్చేశారా! "ఏటి సార్ మీరనేది? వర్షం పడనీండి, బందు పెట్టనీండి, సరుకుందంటే తొమ్మిది లోపు విజయనగరంలో ఉంటాడు. మా మరిదిని చూసి గడియారాలు సరిచేసుకుంటారు మార్కెట్టులో!"

చైర్మన్ గారు కలం తీసుకున్నారు. ఏం రాస్తున్నారో తలకిందులుగా చదవగలిగాను, శాసనాలు చదివే కళ్ళు కదా. 'ఫిర్యాదుదారు సకాలంలో హాజరైనందున సమస్య లేదని తేలినది.'

నాకు పోయేది ఏమీ లేదు, సత్యవతి చదువు నా నోటి దురుసుకి ఆగిపోతోంది.

అప్పుడు తలుపు దగ్గర చప్పుడైంది. సత్యవతి. జుట్టు రేగిపోయి, చెమటతో రవిక తడిసి, తెగిన చెప్పు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. సంతకం కోసం హెడ్డు గారి గదికి వెళ్తే కమిటీ గదికి పొమ్మన్నారట.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు మేడం.

"స్కాలర్నండి. మా బండికి గూడ్సు అడ్డమొచ్చినాదండి. రోజూ వస్తాదండి." అంతే. ఒక్క విశేషణం లేదు. తర్వాత మంచినీళ్ళు అడిగింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడం తన సీసా ఇచ్చారు. చైర్మన్ గారు ఆ కాగితం కింద కొత్త లైను రాసి పైకి చదివారు. రైలులో వచ్చే స్కాలర్లు పదకొండు గంటల లోపు సంతకం చేయవచ్చును, ఈ నెల మొదటి నుంచి వర్తించును.

నాకు ప్రాణం లేచొచ్చింది. "చాలా సంతోషం సార్. మరైతే నేను కూడా..."

"మీకు వ్యాను ఉంది కదమ్మా" అన్నారాయన, కిటికీ వైపు జరుగుతూ.

"అంత పంక్చువల్ మరిది అందరికీ ఉండడు" అన్నారు మేడం కొంగు వెనక నుంచి.

సాయంత్రం రైల్లో సత్యవతి నా పక్కన కూర్చుని, "అంతా నీ పుణ్యమే అక్కా" అంది.

"నా పుణ్యం కాదే, మా నూకరాజు ఐసుపెట్టె పుణ్యం" అన్నాను. ఆ పిల్ల నవ్వింది, ముక్కు మూసుకోకుండా. అందుకే ఇప్పటికీ నా స్నేహితురాలు.

సత్యవతికి ఆ నెలే రెన్యూవల్ అయింది. సిద్ధాంత గ్రంథం సమర్పించేదాకా నేను మాత్రం పొద్దున్నే చేపల వ్యానులోనే వెళ్ళాను. బైండు చేసిన ప్రతులు కూడా అందులోనే వెళ్ళాయి. వైవాకి వచ్చిన బయటి పరీక్షకుడు గ్రంథం తెరిచి, కాస్త ఆగి, "మీ పరిశోధన మత్స్య పరిశ్రమ మీదా అమ్మా?" అని అడిగారు.

కమిటీ తీర్పు మీద అప్పీలు పెట్టుకోవచ్చని విచారణ రోజే క్లర్కు ఎంతో ఆప్యాయంగా సలహా ఇచ్చాడు. విచారణ ఎన్నింటికి ఉంటుందని నేను అడగలేదు.

ఆనాడే కొత్తవలస ప్లాట్‌ఫారం మీద, ఇనపరాయి గూడ్సు సాక్షిగా, ఒక ప్రమాణం చేశాను. ఇకపై ఏ విచారణకీ, ఏ సభకీ, ఏ పేరంటానికీ వేళకి వెళ్ళను, మా మరిది గొప్పతనాన్ని ప్రభుత్వ కాగితాలకి ఎక్కనివ్వను. నేటి దాకా నిష్ఠగా పాటిస్తున్నాను. మొన్నటి ఆ పెళ్ళికి కూడా ముహూర్తం దాటాకే వెళ్ళాను.

కానీ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళైనా తేలలేదు. ఆ కమిటీలో ఉన్నవాళ్ళు గానీ, ఇప్పుడు అలాంటి కమిటీల్లో కూర్చున్నవాళ్ళు గానీ ఇది చదువుతుంటే దయచేసి చెప్పండి. వేళకి రాలేకపోతున్నానని ఫిర్యాదు పెట్టిన మనిషి, ఆలస్యంగా వస్తే ఫిర్యాదు కొట్టేస్తారు, వేళకి వస్తే సమస్యే లేదంటారు. మరి ఆ మనిషి విచారణకి ఎన్ని గంటలకు రావాలండీ?